ఎనిమిదిన్నర నెలలు

రోజూ ఊరందరి కాగితాలు నా చేతుల మీదుగానే పోతాయి. హనుమకొండలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నాది. ఆధార్‌లో పేరు తప్పు పడిందని, మార్కుల మెమోలో ఇంటిపేరు ఎగిరిపోయిందని వచ్చేవాళ్లకు ఏ ఆఫీసుకు పోవాలో, ఏ కాగితం జతచేయాలో నేనే చెప్తుంటాను. అట్లాంటిది నా సొంత బిడ్డ పుట్టిన తేదీ తొమ్మిదేండ్లు తప్పుగానే ఉండింది. తెలియక కాదు. తెలిసీ ఊరుకున్న.

2022 అక్టోబర్ 11. అండర్-17 అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మన దేశంలోనే. ఆ కప్పు అసలు 2020లో మన దగ్గర జరగాల్సింది, కరోనాలో కొట్టుకుపోయింది. 2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా మన దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసినప్పుడు ఇదీ గోవిందా అనుకున్నాం కానీ, పది పదకొండు రోజులకే ఎత్తేశారు. ఆ రాత్రి ఎనిమిదింటికి భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఇండియా, అమెరికా మ్యాచ్. షట్టర్ సగం దించి, బోనఫైడ్లు కొట్టే కంప్యూటర్ మీదనే పెట్టుకున్నాం. బిడ్డ అప్పుడు పదో తరగతి.

నాలుగో గోల్ పడ్డాక నేను కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టిన. బిడ్డ మాత్రం కుర్చీ ఇంకా ముందుకు జరుపుకుంది. ఎనిమిది పడ్డయి. "ఇగ చాలు, తిందాం పా" అంటే "ఆగు నాయినా, బాల్ లేనప్పుడు వాళ్లు ఎట్ల ఉరుకుతున్నరో చూడు" అన్నది. తర్వాత మొరాకోతో మూడు, బ్రెజిల్‌తో అయిదు. మొత్తం పదహారు తిని మనోళ్లు ఒక్కటీ కొట్టలేదు. అయినా పిల్ల ఏ మ్యాచూ వదల్లేదు. నెలాఖరున నవీ ముంబయిలో ఫైనల్ దాకా చూసింది. కొలంబియా పిల్ల లిండా కైసెడో అంటే దానికి పిచ్చి పట్టింది. ఆ ఫైనల్లో కొలంబియా 82వ నిమిషంలో తన గోల్‌లోనే తాను కొట్టుకుని స్పెయిన్‌కు 1-0తో కప్పు అప్పజెప్పింది. బిడ్డ ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

ఆ వారంలోనే పీఈటీ సార్ షాపుకొచ్చారు. జిల్లా జట్టుకు పిల్లను పంపుదాం, ముందు ఫెడరేషన్ సైట్‌లో రిజిస్టర్ చేసి ఐడీ తీయాలన్నారు. ఆధార్ చూసి ఆగిపోయారు. "5-6-2008 ఏంది? ఈ పిల్ల 2009 అన్నరు గదా?"

2009 ఫిబ్రవరి 19న పుట్టింది మా బిడ్డ. 2013 జూన్‌లో వాళ్ల అన్న బడికి పోతుంటే నేనూ పోతానని ఏడుపు. తీసుకుపోతే, చేర్చుకునే సార్ "ఐదేండ్లు నిండాలె కదా" అని ఆయనే ఒక తేదీ రాసేశారు. నేను నవ్వి సంతకం పెట్టిన. మా తరంలో సగం మంది జూన్‌లో పుట్టినోళ్లమే. బడి కాగితం పట్టుకుపోయి ఆధార్ తీసినం, అందులోనూ అదే ఎక్కింది.

ఎనిమిదిన్నర నెలలే కదా అన్నాను. సార్ నా కౌంటర్ మీది పెన్ను తీసుకుని పాత చలాన్ వెనక లెక్క వేశారు. అండర్-17 అంటే ఆ ఏడు జనవరి 1 నాటి గీత. 2022 కప్పుకు 2005 జనవరి 1 తర్వాత పుట్టినోళ్లు. 2024కు 2007. 2026కు 2009. "మీ పిల్ల గీతకు ఇవతల పుట్టింది, మీరు అవతల నిలబెట్టిన్రు. కాగితం ప్రకారమైతే 2026 నాటికి ఈమె ముసలిది." కైసెడో పుట్టింది 2005 ఫిబ్రవరి 22న అని బిడ్డ వెనకనుంచి అందుకుంది. రెండు నెలలు ముందు పుడితే ఆమెకూ ఆ కప్పు లేదట. తనకూ ఆమెకూ ఫిబ్రవరే అని మురిసిపోయింది కూడా.

ఇండియా జట్టు మాట దేవుడెరుగు, జిల్లా సెలక్షన్‌లోనే వయసు పట్టుకుంటారు. ఏండ్ల తర్వాత తీసిన బర్త్ సర్టిఫికెట్‌ను అనుమానంగా చూస్తారని, పుట్టిన ఏడే నమోదై ఉంటే అడిగేవాడుండడని సార్ చెప్పారు. ఆసుపత్రిలో కాన్పు కాబట్టి నమోదై ఉండాలి. ఆన్‌లైన్‌లో వెతికితే దొరకలేదు. మా ఆవిడ పెట్టె అడుగున పెండ్లి చీర మడతలో డిశ్చార్జి కార్డు బయటపడింది. అంచులు పసుపుబారినయి, సిరా వెలిసిపోయింది. ఆడశిశువు, 2.6 కిలోలు, తెల్లవారుజామున 4.10. దాంతో మున్సిపల్ ఆఫీసులో పాత రిజిస్టర్ తీయించిన. మూడుసార్లు తిరిగితే నాలుగోసారి ఆ పేజీ దొరికింది. తల్లి పేరుంది, తండ్రి పేరుంది, తేదీ సరిగ్గా ఉంది. బిడ్డ పేరుండాల్సిన గడి ఖాళీ!

పుట్టినప్పుడు పేరు పెట్టం కదా, ఇరవై ఒకటో రోజు పెట్టుకుని ఆఫీసుకు చెప్పడం మర్చిపోతాం. ఏడాదిలోపు అయితే పేరు ఊరికే ఎక్కిస్తారు, తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేండ్ల వరకు వీలుంటుంది. మాకు పద్నాలుగో ఏడు నడుస్తోంది. మీసేవలో దరఖాస్తు పెట్టిన. జిల్లా దగ్గర కాసేపు గందరగోళం. బిడ్డ పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లో వరంగల్ జిల్లా. 2016లో అది వరంగల్ అర్బన్ అయ్యింది, 2021లో హనుమకొండ అయ్యింది, మధ్యలో రాష్ట్రమే మారింది. పిల్ల మాత్రం ఉన్న గల్లీ దాటలేదు.

సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి నవంబర్ సగమైంది. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు (నామినల్ రోల్స్) బడి నుంచి పోయే టైము. ఒక్కసారి మెమో మీద తప్పు తేదీ అచ్చయిందంటే దాన్ని కదిలించడం ఎంత కష్టమో నా కౌంటర్ ముందు ఏడ్చినవాళ్లను చూసి తెలుసు. బడి రికార్డులో తేదీ మార్చడానికి హెడ్మాస్టర్ ఒప్పుకోలేదు. "తేదీ మారిస్తే పిల్లకు వయసు తక్కువైతది, దానికి మళ్లీ మినహాయింపు కాగితాలు. బాల్ ఆడనీకి ఇంత అవసరమా?" పీఈటీ సారే పట్టుబట్టారు. "నిజామాబాద్ జిల్లా పిల్ల సౌమ్య గుగులోత్ ఈ ఏడు క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు సంతకం చేసింది సార్. కాగితాలు సక్కగ లేకుంటే విమానం ఎక్కేదా?" హెడ్మాస్టర్ ఆ పేరు విన్నట్టు లేరు గానీ, క్రొయేషియా అనేసరికి కళ్లజోడు తీశారు. లెటర్ రాసిచ్చారు. అక్కణ్నుంచి మండల, జిల్లా విద్యాధికారుల (ఎంఈఓ, డీఈఓ) ఆఫీసులు. అదంతా చెప్పుకుంటే మీకూ విసుగే. ఫైలు కదలనప్పుడు నేను కోపం చేయలేదు, రోజూ పోయి కనబడ్డ. అంతే.

ఆధార్ చివర్న. అప్పట్లో 50 రూపాయలే తీసుకున్నారు కానీ పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే. అందుకే అన్నీ చేతిలో పడ్డాకే పోయిన. పోతూ పోతూ బర్త్ సర్టిఫికెట్‌ను లామినేషన్ చేద్దామని బిడ్డ అడిగితే వద్దన్న. ప్లాస్టిక్‌లో బిగించిన ఒరిజినల్‌ను తీసుకోం అనే ఆఫీసులు చాలా ఉన్నాయి. నా గిరాకీ పోయినా ఫర్వాలేదు, మీరూ చేయించకండి.

2023 ఎండకాలంలో జేఎన్ స్టేడియంలో సెలక్షన్. టేబుల్ దగ్గర కూర్చున్నాయన ఫైలు తెరిచి, నా కాగితాల్లో ఒక్కదాన్ని, అదీ జిరాక్స్‌నే, వేలితో నిమిరి "2009" అని పెన్సిల్‌తో టిక్కు పెట్టి పక్కకు నెట్టారు. ఆరు నెలల తిరుగుడు ఆయన చేతిలో పది సెకన్లు. బిడ్డ అప్పటికే లేసులు కట్టుకుంటోంది.

ఆ ఏడు తీసుకోలేదు. మరుసటేడు జిల్లాకు ఆడింది. రాష్ట్రం సెలక్షన్‌కు హైదరాబాద్ పోయి రెండో రోజే తిరిగొచ్చింది. ఎడమకాలితో కొట్టడం రాదన్నారట. ఇప్పుడు మా ఇంటి వెనక గోడకు ఎడమకాలి మచ్చలే ఎక్కువ.

మొన్న 2025 అక్టోబర్‌లో మన అండర్-17 అమ్మాయిలు బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌ను 2-1తో కొట్టి, చైనాలో 2026 ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకున్నరు. క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచి పోవడం ఇదే మొదటిసారి. ఆ రాత్రి బిడ్డ షాపుకొచ్చి "నాకు పాస్‌పోర్ట్ కావాలె" అన్నది.

"ఏడికి పోతవే?"

"ఉంటే తప్పా?"

ఫారం తెరిచిన. పేరు టైపు చేసినం, తేదీ టైపు చేసినం. పుట్టిన రాష్ట్రం దగ్గరికొచ్చి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.