నానబెట్టే రోజు

ఈ రోజు ఎయిర్ ప్లాంట్లను, అంటే మట్టి లేకుండా కొమ్మలను పట్టుకుని బతికే టిల్లాండ్సియాలను, నానబెట్టే రోజు. పొద్దున్నే టబ్బు నిండా వాన నీళ్ళు పోసి టిల్లాండ్సియాలను ముంచాను. అయొనాంథాలు, స్ట్రెప్టోఫిల్లా, కాపుట్ మెడ్యూసే, ఈ రకాలన్నీ ఒకే టబ్బులో. అరగంట చాలు. బల్బోసాను మాత్రం ముంచను. దాని మొదలు ఉబ్బి లోపల బోలుగా ఉంటుంది. నీళ్ళు చేరితే ఒక పట్టాన బయటికి రావు. అడవిలో ఆ బోలులో చీమలు కాపురం పెడతాయట, ఆ సంగతి తెలిసినప్పటి నుంచి దాని మీద నాకు ఇంకాస్త మమకారం. టెక్టోరమ్‌ను అసలు టబ్బు దగ్గరికే తీసుకురాను. ఈక్వడార్, పెరూ కొండల్లో ఎండకు, గాలికి అలవాటు పడ్డ మొక్క అది. తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది. దానికి అప్పుడప్పుడూ కాస్త స్ప్రే చేస్తే సరిపోతుంది.

నీళ్ళ పని పొద్దున్నే అయిపోవాలన్నది నా పట్టుదల. సాయంత్రం ఎంత తీరిక దొరికినా చెయ్యను. మామూలు మొక్కలు ఆకుల్లోని రంధ్రాలను పగలు తెరుస్తాయి. ఇవి నీటిని కాపాడుకోవడానికి పగలంతా మూసి ఉంచి, రాత్రి తెరుస్తాయి. అప్పుడు లోపలికి తీసుకున్న కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లవారాక ఎండలో వాడుకుంటాయి. ఆకు మీద రాత్రంతా నీటి పొర ఉంటే ఊపిరాడదు. అందుకే నానిన వెంటనే తలకిందులుగా దులిపి, గాలి తగిలే చోట బోర్లిస్తాను. నాలుగు గంటల్లో ఆరకపోతే నాకు టెన్షన్. మొక్క మొదలు దగ్గర తడి నిలిస్తే కుళ్ళు లోపలి నుంచి మొదలవుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, పట్టుకుంటే నడుమ ఆకులు చేతిలోకి ఊడి వచ్చేస్తాయి.

అక్క కూతురు ఇంట్లోనే ఉంది. టబ్బు పక్కన కూర్చుని, "పిన్నీ, మట్టి లేకుండా ఇవి ఎలా బతుకుతాయి?" అని అడిగింది. చెప్పడం కంటే చూపించడమే మేలనిపించింది. బూడిద రంగులో ఉన్న జెరోగ్రాఫికా ఆకు మీద ఒక్క చుక్క నీళ్ళు వేసి, "చూస్తూ ఉండమ్మా" అన్నాను. చుక్క పడ్డ చోట ఆకుపచ్చ మచ్చ తేలింది. ఆకు మీద కంటికి దుమ్ములా కనిపించేదంతా ట్రైకోములనే సన్నటి పొలుసులు. పొడిగా ఉన్నప్పుడు అవి లేచి నిలబడి ఎండను వెనక్కి కొడతాయి, తడి తగలగానే ఆకుకు అతుక్కుపోయి నీటిని లోపలికి పంపిస్తాయి. కింది ఆకుపచ్చ అప్పుడు బయటపడుతుంది. వేళ్ళున్నా అవి కొమ్మను పట్టుకోవడానికే. పిల్ల ఇంకో ఆకు మీద, ఆ పక్క ఆకు మీద చుక్కలు వేసుకుంటూ పోయింది. ఆపలేదు నేను.

మధ్యాహ్నం మొక్కలు అమ్మే ఒకరి నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, పెద్ద జెరోగ్రాఫికా ఉంది, ఇంత సైజు మళ్ళీ దొరకదు" అంటూ నాలుగు ఫొటోలు. నిజంగానే పెద్దది. ఫొటో పెద్దది చేసి చూశాను. వేళ్ళకు బెరడు ముక్కలు అంటుకుని ఉన్నాయి, పాత ఆకుల మీద చెట్ల బెరడుకు నాచులా పట్టే లైకెన్ మచ్చలు, ఒక పక్క ఆకులు విరిగి ఉన్నాయి. నర్సరీలో పెరిగిన మొక్క ఇంచుమించు అన్ని వైపులా ఒకేలా, శుభ్రంగా ఉంటుంది. "ఇది పెంచినదా, చెట్టు మీది నుంచి తీసినదా అండీ?" అని అడిగాను. "అడవిదే మేడమ్, అందుకే ఇంత బాగుంది" అని జవాబు.

వద్దన్నాను.

జెరోగ్రాఫికా మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్‌లలోని పొడి అడవుల్లో, ఎత్తైన కొమ్మల మీద బతుకుతుంది. గ్వాటెమాలాకు చెందిన హారిసీ, హోండురస్‌కు చెందిన కామీ అనే టిల్లాండ్సియాలు కూడా దీనిలాగే, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. అంటే దేశం దాటించాలంటే అనుమతి పత్రం ఉండాలి. కాగితాల సంగతి అలా ఉంచండి, నన్ను ఆపేది ఆ మొక్క వయసు. టిల్లాండ్సియా విత్తనానికి దూది పోగుల్లాంటి కుచ్చు ఉంటుంది, గాలికి కొట్టుకుపోయి ఎక్కడో ఒక కొమ్మకు తగులుకుంటుంది. మొలిచాక వేలి గోరంత కావడానికే ఏళ్ళు పడుతుంది. జెరోగ్రాఫికా పూతకు రావడానికి పదేళ్ళు దాటినా ఆశ్చర్యం లేదు. పూసేది కూడా ఒక్కసారే. పూతకు ముందే దాన్ని కొమ్మ మీది నుంచి పీకేస్తే ఆ అడవికి దాని విత్తనాలు లేనట్టే. అరుదైన మొక్క నా దగ్గర ఉందని చెప్పుకోవడానికి, అది ఉండాల్సిన చోట ఇంకాస్త అరుదు కావాలా? విత్తనం నుంచి పెంచిన బొటనవేలంత మొక్క దొరికితే దాన్ని తెచ్చుకుంటాను. పెద్దదయ్యే వరకు చూసే భాగ్యం నాది.

ఆ తర్వాత కాసేపు మనసు పాడైంది. అలాంటప్పుడు నియోరెగెలియాల దగ్గరికి వెళ్తాను, ఇవీ ఎయిర్ ప్లాంట్ల కుటుంబమైన బ్రోమిలియాడ్లలోవే. వీటి ఆకుల నడుమ గిన్నెలా నీళ్ళు నిలుస్తాయి. పాత నీళ్ళు ఒంపేసి కొత్తవి పోశాను, దోమలు గుడ్లు పెట్టకుండా ఇది తప్పనిసరి. ఒకదాని నడిమి ఆకులు ఎర్రబడుతున్నాయి, పూత దగ్గర పడింది. ఈ ఆకుల మధ్య నీటినే ఇల్లుగా చేసుకున్న జీవాల్లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది జమైకాలోని ఒక చిన్న పీత. తల్లి పీత బ్రోమిలియాడ్ నీటిలో పిల్లల్ని పెడుతుంది. నీటిలో రాలిన ఆకులను ఏరి పారేస్తుంది, నత్త గుల్లలు తెచ్చి వేస్తుంది. గుల్లల్లోని కాల్షియం పిల్లలకు అందుతుంది, నీటి పులుపూ తగ్గుతుంది. నీటిలో ఉండే తూనీగ జాతి పిల్లపురుగుల బారి నుంచి పిల్లల్ని కాపాడుతుంది. ఇదంతా ఒక మొక్క ఆకు సందులో! తలుచుకుంటే చాలు, నాకు మళ్ళీ ఉత్సాహం వస్తుంది.

సాయంత్రానికి అన్నీ ఆరాయి. ఒక్కొక్కటిగా చెక్కలకు తిరిగి కట్టాను, నైలాన్ దారంతోనే. రాగి తీగ చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా వాడను, రాగి వీటికి విషం. కొన్ని శిలీంధ్ర మందుల్లో కూడా రాగి ఉంటుంది కాబట్టి డబ్బా మీద చదవకుండా ఏదీ కొట్టను.

స్ట్రెప్టోఫిల్లా పూత ముగిసి చాలా కాలమైంది. తల్లి ఆకులు చివరల నుంచి ఎండుతున్నాయి, మొదలు దగ్గర రెండు పిలకలు వచ్చాయి. గెల వేసిన అరటి లాగే ఇదీ ఇక పూయదు. పిలకలు తల్లిలో మూడో వంతు పెరిగితే విడదీయొచ్చు. పెద్దది ఇప్పుడు ఆ సైజుకు వచ్చింది. కత్తి శుభ్రం చేసి దగ్గర పెట్టుకున్నాను కూడా. తల్లి ఆకుల్లో ఇంకా పచ్చదనం ఉంది, అది ఉన్నన్నాళ్ళూ పిలకలకు ఆహారం అందుతుంది. విడదీస్తే రెండు మొక్కలవుతాయి, వదిలేస్తే పెద్ద గుబురవుతుంది. నాకు గుబురే కావాలి. కత్తి లోపల పెట్టేసి, చిన్న పిలకకు వెలుతురు తగిలేలా చెక్కను కాస్త పక్కకు తిప్పాను.