ఇల్లు లేని మూడు రోజులు

పాత ఇంటి తాళాలు ఓనరు చేతిలో పెట్టింది సోమవారం సాయంత్రం. కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించడానికి ముహూర్తం శుక్రవారం ఉదయం. పాలు పొంగించకుండా ఒక్క చెంచా కూడా గడప దాటకూడదని అత్తయ్య గట్టిగా చెప్పేశారు. దానికి తోడు అక్కడ పెయింటర్ "రెండ్రోజులండీ" అనడం మొదలుపెట్టి అప్పటికి పది రోజులు. సామానంతా గోపాలపట్నంలో మా మరిది వాళ్ల కారు షెడ్డులో పడేశాం. నలభై ఒక్క అట్టపెట్టెలు, ఒక ఫ్రిజ్, విప్పేసిన రెండు మంచాలు. మా అమ్మాయి తన పెట్టె మీద మార్కర్‌తో "నా పుస్తకాలు. తమ్ముడు ముట్టుకోకూడదు" అని రాసింది.

మరిది వాళ్లది రెండు గదుల ఇల్లు. ఒక రాత్రంటే సర్దుకుంటాం, నాలుగు రాత్రులంటే వాళ్లకీ ఇబ్బందే. "ఎలాగూ సెలవు పెట్టాను. అరకు పోదాం" అన్నారు మా ఆయన. విశాఖలో పుట్టి పెరిగిన వాళ్లకి అరకు అంటే చుట్టాలొచ్చినప్పుడు తీసుకెళ్లే ఊరు. మేం మా కోసం వెళ్లి ఎనిమిదేళ్లయింది. పిల్లలతో మూడు రోజులు బడి ఎగ్గొట్టించాం.

స్టేషన్‌కి బయల్దేరుతుంటే తెలిసింది, స్వెట్టర్లు, మంకీ క్యాపులు ఉన్న సంచి కూడా ఏదో అట్టపెట్టెలోకి వెళ్లిపోయిందని. నలభై ఒక్కటిలో ఏదని వెతుకుతాం! అత్తయ్య చేతిలో మాత్రం ఒక మూట ఉంది. పాత చీర ముక్కలో చుట్టిన ఇత్తడి గిన్నె. కొత్తగా కళాయి పెట్టించారు. ఆవిడ కాపురానికి వచ్చినప్పటి గిన్నె అది, ఏ ఇల్లు మారినా పాలు అందులోనే పొంగాలి. "ప్యాకింగ్ వాళ్లకి ఇస్తే సొట్ట పెడతారు" అని దాన్ని అరకు కూడా తీసుకొచ్చేశారు.

కిరండూల్ ప్యాసింజర్‌లో అద్దాల బోగీకి ముందే బుక్ చేసుకోవాలి. మాది రాత్రికి రాత్రి అనుకున్న ప్రయాణం కాబట్టి మామూలు బోగీయే దొరికింది. నన్నడిగితే అదే నయం. కిటికీ రెక్క పైకెత్తితే గాలి మొహానికి కొడుతుంది, పల్లీలవాడు వస్తాడు, పక్కావిడ మన పిల్లాడికి సీతాఫలం పెడుతుంది. శృంగవరపుకోట దాటాక బండి కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. ఆ ఖనిజం బండ్ల దారిలోనే మనమూ ఎక్కి కూర్చుని లోయలు చూసుకుంటున్నాం.

సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా కేకలు. మా పిల్లలు కేకలు ఆపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చిమిడిపల్లి వచ్చేసరికి ఇద్దరి లెక్కలకి మూడు తేడా. నువ్వు నిద్రపోయావంటే నువ్వు రెండుసార్లు లెక్కపెట్టావని కొట్లాట. శిమిలిగూడలో బండి ఆగాక గొడవ దానంతటదే ఆగిపోయింది, చలికి. సుమారు 996 మీటర్ల ఎత్తు, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది. మా ఆయన ఆ సంగతి చెప్పబోతుంటే వినేవాళ్లెవరూ లేరు. అందరం నా చున్నీలోనూ అత్తయ్య శాలువాలోనూ దూరిపోయాం.

అరకులో దిగగానే చేసిన మొదటి పని రోడ్డు పక్క కొట్లో అయిదు మంకీ క్యాపులు కొనడం. అన్నీ ఒకటే రంగు, గాఢమైన ఎరుపు. ఆ మూడు రోజుల ఫొటోల్లో మేం ఏదో పాఠశాల బృందంలా ఉంటాం.

వలిసె పూలు ఇంకా ఉన్నాయి. నవంబరు చివర కదా, కొన్ని చేలు వాడిపోతున్నాయి, కొన్ని మాత్రం పసుపు ఆరబోసినట్టు పచ్చగా ఉన్నాయి. చేలోకి దిగి ఫొటో తీసుకోవాలంటే రైతుకి మనిషికి ఇరవై రూపాయలు. "పువ్వు చూసినందుకు కూడా డబ్బులేటి?" అన్నారు అత్తయ్య. "తొక్కేది మనమే కదమ్మా" అంది గట్టు మీద కూర్చున్న ఆవిడ. న్యాయమే. అత్తయ్య తన ఇరవై తనే తీసిచ్చి, ఒక్క మొక్క కూడా వంగకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచారు.

వచ్చిన చిక్కల్లా కార్తీకం. ఇంట్లో నెలంతా నీచు లేదు. అరకులోనేమో రోడ్డు పొడుగునా వెదురు బొంగులు నిప్పుల మీద కాలుతున్నాయి. మసాలా పట్టించిన కోడిముక్కల్ని బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. బొంగు చీల్చగానే వచ్చే ఆవిరి ముందు నిలబడి మా వాడు కదలడం మానేశాడు. ఆరేళ్లవాడికి కార్తీకం గురించి ఏం చెప్తాం! అత్తయ్య కాసేపు చూసి, "పిల్లలకి నియమం ఏటి, పెట్టించు" అని అటు తిరిగి కూర్చున్నారు. విస్తరి వంక నేను ఎన్నిసార్లు చూశానో చెప్పను. మా ఆయన "ఉప్పు సరిపోయిందా?" అని పిల్లల్ని నాలుగుసార్లు అడిగారు.

సంతలో అత్తయ్య పావుకిలో మిరియాలు, కిలో రాజ్మా కొన్నారు. గదికొచ్చేసరికి మిరియాల పొట్లం చిరిగింది. వేరే డబ్బా లేదు. మూట విప్పి ఇత్తడి గిన్నె తీసి అందులో పోసేశారు. "పాలు పొంగించే గిన్నె కదా అత్తయ్యా" అన్నాను. "మిరియాలేమీ ఎంగిలి కాదులే" అన్నారు. ఆ రాత్రి పిల్లాడికి దగ్గు పట్టుకుంది. క్యాంటీన్ నుంచి వేడి పాలు తెచ్చాం. అత్తయ్య కిటికీ గట్టు మీద నాలుగు మిరియాలు పెట్టి స్టీలు గ్లాసు అడుగుతో నూరారు. రెండు నలిగాయి, రెండు ఎగిరి మంచం కిందకి పోయాయి. టీవీలో సిగ్నల్ లేదు, ఫోన్లో అంతంతమాత్రం. అయిదుగురం రెండు రగ్గుల కింద చేరి మంచం కింద మిరియాలు ఎవరు తీయాలన్న దాని మీద గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం. చివరికి పొద్దున వాడే తీశాడు, తీసి నిక్కరు జేబులో వేసుకున్నాడు.

గురువారం జీపు మాట్లాడుకుని ఘాట్ రోడ్డులో దిగాం. బొర్రా గుహల్లో మెట్లు దిగీ ఎక్కీ అత్తయ్య మోకాళ్లు పట్టేశాయి, అయినా లోపల శివలింగం దాకా వెళ్లే వచ్చారు. కార్తీకంలో శివుడి గుమ్మం దాకా వచ్చి ఎలా వెనక్కి తిరుగుతారు? అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో పళ్లు ఎర్రబడ్డాయి. నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు పాకి ఉన్నాయి. మా అమ్మాయి తీగ చూసి ఆశ్చర్యపోయింది, మిరియాలు నేల మీద పండుతాయనుకుందట. నేను నవ్వాను గానీ, ఏడో తరగతి దాకా నేనూ అదే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున కొత్త ఫ్లాట్‌లో ఇంకా పెయింట్ వాసన. ఒక గోడ పెయింటర్ గారి దయవల్ల ఒక్క కోటుతోనే ఉంది. నలభై ఒక్క పెట్టెలూ కింద లారీలో. లోపల పొయ్యి, ఇత్తడి గిన్నె, మేం అయిదుగురం. చింతపండుతో తోమిన గిన్నె తళతళలాడుతోంది. పాలు అంచు దాకా వచ్చి, నురగ తూర్పు వైపు ఒరిగింది. అందరం దండం పెడుతుంటే చిన్న చెయ్యొకటి జేబులోంచి ఏదో తీసి టప్‌మని గిన్నెలో వేసింది.

నేను కొట్టబోయాను. అత్తయ్య పిల్లాడి వంక చూశారు, గిన్నె వంక చూశారు. "పోనీలే. నాకూ గొంతు బాగోలేదు" అన్నారు.

ఆ పాలతోనే పరమాన్నం వండాం. మంచం కిందనుంచి వచ్చిన మిరియమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల్లో అది మా మరిది పంటికి తగిలింది.