మా అమ్మాయి రానన్న కొండ

"అక్కడికి నేను రాను. అది మా క్లాస్ అమ్మాయి వాళ్ళ ఊరు."

ఐస్‌లాండ్‌లో గ్రిండవిక్ అనే ఊరి పక్కన ఈమధ్య పారిన లావా చూడ్డానికి అందరికీ కలిపి గైడ్‌తో నడక బుక్ చేశానని చెప్పగానే మా అమ్మాయి అన్న మాట ఇది. పదకొండేళ్ళ పిల్ల. అరవలేదు, అలగలేదు. మాట చెప్పేసి పెరుగు గిన్నె తన వైపు లాక్కుంది. రాజమండ్రి నుంచి వచ్చి వారం కూడా కాని మా అమ్మానాన్నలు నా ముఖం చూశారు. అగ్నిదేవుణ్ణి కళ్ళారా చూస్తానని అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పి మరీ విమానం ఎక్కింది. "అమ్మమ్మ కోసమైనా రావే" అన్నాను. "అమ్మమ్మని వేరే చోటికి తీసుకెళ్దాం" అంది.

మేముండేది ఆ దగ్గర్లోని కెఫ్లవిక్ ఊళ్ళో. 2023 నవంబర్ 10 రాత్రి గ్రిండవిక్‌ను ఖాళీ చేయించినప్పుడు అక్కడి 3,700 మందికి పైగా జనం చేతికందిన సామాను కార్లలో వేసుకుని బయల్దేరారు. డిసెంబర్ 18న ఊరి ఉత్తరాన సుందన్యూకుర్ దగ్గర భూమి చీలింది. 2024 జనవరి 14న ఊరి అంచునే ఇంకో చీలిక తెరుచుకుని మూడిళ్ళు కాలిపోయాయి. అది మేం టీవీలో ప్రత్యక్షంగా చూశాం. ఆ చలికాలమే మా అమ్మాయి క్లాసులోకి ఆ ఊరి పిల్ల వచ్చింది. వాళ్ళ ఇల్లు కాలలేదు, కానీ అక్కడ ఉండే వీల్లేకపోయింది. మిగతా చాలామందిలాగే వాళ్ళూ ఇంటిని ప్రభుత్వానికి అమ్మేశారు. ఆ పిల్లకి కావలసిన బొమ్మలో పుస్తకాలో అక్కడే ఉండిపోయాయట. అవేమిటో మా అమ్మాయికి తెలుసు, నాకు చెప్పదు.

ఆ వేడి మా ఇంటికీ తగిలింది. ఫిబ్రవరి 8న లావా, భూమి వేడితో నడిచే స్వార్త్‌సెంగి విద్యుత్కేంద్రం నుంచి మాకు వేడినీళ్ళు తెచ్చే గొట్టాన్ని తెంపేసింది. నడిశీతాకాలంలో కొన్ని రోజులు రేడియేటర్లు చల్లబడిపోయాయి. కరెంటు హీటర్లు కూడా పొదుపుగా వాడమన్నారు. అందరం ఒకే గదిలో పడుకున్నాం. అయినా నాకు ఆ కొండల మీద మోజు తగ్గలేదు. దాదాపు 800 ఏళ్ళు ఊరుకున్న ఈ రేక్యానెస్ ద్వీపకల్పపు నేల 2021 మార్చి 19న ఫాగ్రదాల్స్‌ఫ్యాట్ల్ కొండ దగ్గర తెరుచుకున్నప్పుడు, మా కిటికీలోంచి ఆకాశం ఎర్రగా కనిపించినప్పుడు, నా బిడ్డ ఎలాంటి చోట పెరుగుతోందో కదా అని ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింత దానికీ కలగాలని అప్పట్నుంచీ నా పట్టు.

అందుకే ఆ రాత్రి వదల్లేదు, వాదించాను. హేమాఏ దీవి సంగతి తీశాను. 1973 జనవరి 23 తెల్లవారుజామున అక్కడ ఊరి పక్కనే భూమి చీలితే, సుమారు 5,300 మంది చేపల పడవల్లో బయటపడ్డారు. రేవు మూసుకుపోకుండా నెలల తరబడి సముద్రపు నీళ్ళు పంపులతో లావా మీద కొట్టారు. బూడిదలో కూరుకుపోయిన ఒక ఇంటిని తవ్వి తీసి, దాని చుట్టూ ఎల్డ్‌హేమర్ అని మ్యూజియం కట్టారు. స్కూలు వాళ్ళతో వెళ్ళి చూసొచ్చి నువ్వే కదా నాకు కథలు కథలుగా చెప్పావు, అది మాత్రం చూడొచ్చా అన్నాను.

"అది వాళ్ళు కట్టుకుని రమ్మన్నారమ్మా. అది కట్టేసరికి వాళ్ళ పిల్లలు కూడా పెద్దవాళ్ళయిపోయారు" అంది.

మర్నాడు స్కూలు గేటు దగ్గర ఆ పిల్ల వాళ్ళమ్మ కనిపిస్తే మనసాగక అడిగేశాను. ఆవిడ చేయి పట్టుకుని, తప్పకుండా వెళ్ళండి, 2024 అక్టోబర్‌లో ఊరిని మళ్ళీ తెరిచింది జనం రావాలనే, రెస్టారెంట్లు నడవాలంటే మనుషులు రావాలి కదా అంది. గెలిచినంత సంతోషంతో ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. మా అమ్మాయి విని, "ఆవిడ రమ్మంది సరే, నా ఫ్రెండ్ అనలేదు కదా" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. బుకింగ్ మార్పించాను. 2021 లావా దగ్గరికైతే వస్తానంది. ఆ లోయల్లో ఎవరి ఇల్లూ లేదు.

మీలో ఎవరైనా పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని వెళ్ళాలనుకుంటే ఒక మాట. 2021 సెప్టెంబర్ దాకా పారిన ఆ లావాలో ఒక పాయ నౌట్‌హాగి లోయలోకి దిగి, దక్షిణ తీరపు రోడ్డుదాకా రాకుండానే ఆగిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ లాంటివాళ్ళు కూడా కార్లు ఆపే చోటి నుంచి కాసేపు నడిచి దాని అంచును చూడొచ్చు. ఆ లావా ఎగసిన గెల్దింగదాలిర్ లోయలోని బిలం కనిపించాలంటే మాత్రం కొండ ఎక్కాలి, జారే కంకర మీద నడవాలి. చీలమండ దాకా వచ్చే బూట్లు, గాలి చొరని జాకెట్టు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. పడితే ఆ రాయి గాజుపెంకులా కోస్తుంది. బయల్దేరే రోజు పొద్దున్నే వాతావరణ శాఖ ఇచ్చే గాలి, వాయువుల సమాచారం చూసుకోండి. ఎక్కడైనా కొత్తగా లావా ఎగసిందంటే ఆ రోడ్డే మూసేస్తారు. గైడ్ వెనక్కి తిరుగుదామంటే బతిమాలొద్దు. 2022 ఆగస్టులో పక్కనున్న మేరదాలిర్ లోయలో పేలినప్పుడు పన్నెండేళ్ళలోపు పిల్లల్ని పోలీసులు అసలు రానివ్వలేదు. చిన్నపిల్లల్ని ఎత్తుకుని ఆ చలిగాలిలో అన్ని గంటలు నడిచేవాళ్ళను చూశాక, పోలీసులు చేసింది సరైనదే అనిపించింది.

మా గైడ్ అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటే: గట్టిపడినట్టు కనిపించినా లావా మీద కాలు పెట్టొద్దు. పైపొర పలచగా ఉండి కింద బోలుగా ఉండొచ్చు. లోపలి వేడి చల్లారడానికి ఏళ్ళు పడుతుంది. లావా పారుతున్న రోజుల్లో గాలి వీయకపోతే పల్లాల్లో బరువైన వాయువులు చేరతాయట, పొట్టివాళ్ళకే అవి ముందు తగులుతాయట. ఇవన్నీ తాతయ్యకి తెలుగులో చెప్పింది మా అమ్మాయే. నున్నగా తాళ్ళు పేనినట్టున్నది హెల్లూహ్రాన్ అని, గరుకుగా ముక్కలు ముక్కలుగా ఉన్నది ఆపాల్‌హ్రాన్ అని చేయి చాపి చూపించింది. నాచు మీద అడుగేయబోతే ఆపింది. పాత లావా మీద ఆ బూడిదరంగు నాచు అంత దళసరిగా పెరగడానికి ఎన్నో దశాబ్దాలు పట్టిందట. ఒక్క అడుగుజాడ పడినా ఏళ్ళ తరబడి మానదట.

మా నాన్న ఓ నల్లరాయి చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇది మన పంగిడి క్వారీ రాయిలాగే ఉందమ్మా" అన్నారు. రోడ్లకు కంకర కొట్టే ఆ రాయి కూడా లావాయే. గోదావరికి అటు పంగిడి దగ్గరా ఇటు కాతేరు దగ్గరా ఉన్న ఆ పొరల వయసు ఆరున్నర కోట్ల ఏళ్ళ పైమాటే. ఆ సంగతి చెప్పగానే మా అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "అప్పుడు ఎవరిదైనా ఊరు కాలిందా తాతయ్యా?" అని అడిగింది. అప్పటికి మనుషులే పుట్టలేదన్నారు. ఊపిరి పీల్చుకుని, "సరే, ఆ రాయి ఎక్కడిదక్కడే పెట్టేయండి, తీసుకెళ్ళకూడదు" అంది. ఆయన పెట్టేశారు. నేను చెబితే జేబులో వేసుకుని ఉండేవారు.

లావా అంచున అమ్మ చెప్పులు విప్పబోయింది. ఆ రాళ్ళ మీద వద్దని ఆపాం. నిలబడే చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. మా అమ్మాయి పక్కన నిలబడింది, చేతులు మాత్రం జోడించలేదు. ఇంట్లో దీపం పెట్టగానే దండం పెట్టుకోమని రోజూ వెంటపడే నేను, అక్కడ నోరు తెరవలేకపోయాను. ఎందుకు తెరవలేకపోయానో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. దానికి ఆ నేల మీద భక్తి లేదని అనలేను, నాచు మీద అడుగు పడనివ్వని పిల్ల అది. నాకు అద్భుతంగా కనిపించేది దానికి బడిలో పక్క బెంచీ పిల్ల నష్టంగా కనిపిస్తోంది. రెండూ ఒకే మనసులో ఉండాలని నేను కోరుకోవడం సబబేనా? నా పులకరింత దానికి రావాలని పట్టుబట్టినప్పుడు, దాని బాధ నాకు రావాలని అది ఒక్కసారీ పట్టుబట్టలేదు.

వచ్చే వేసవికి అమ్మానాన్న మళ్ళీ వస్తామంటున్నారు. ఆ ఊరు కూడా చూపిస్తావా అని నాన్న ఫోన్లో అడిగారు. మీ మనవరాలినే అడగండి అన్నాను. తన ఫ్రెండ్ పిలిస్తే అందరం కలిసి వెళ్దామందట. ఒకవేళ ఆ పిల్ల ఎప్పటికీ పిలవకపోతే డెబ్బై దాటిన నాన్నకు ఏం చెప్పాలో నాకింకా తేలలేదు.