ముస్తాక్ అలీ ట్రోఫీ విజేతల పట్టిక తప్పుల్లేకుండా రాయాలంటే

"2020లో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ ఎవరు గెలిచారు?" అని క్విజ్‌లో ఎవరైనా అడిగితే, తప్పు ఆ ప్రశ్నలోనే ఉంది. ఇది మన దేశవాళీ టీ20 క్రికెట్ టోర్నీ. 2020 జనవరి నుంచి డిసెంబరు దాకా ఈ ట్రోఫీకి ఒక్క ఫైనల్ కూడా జరగలేదు. 2019–20 సీజన్ ఫైనల్ 2019 డిసెంబరు 1నే సూరత్‌లో అయిపోయింది. ఆ తర్వాతి ఫైనల్ 2021 జనవరి 31న అహ్మదాబాద్‌లో జరిగింది. ఇక 2019 సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆ ఒక్క ఏడాదిలోనే కర్ణాటక రెండు కప్పులు కొట్టింది: మార్చి 14న ఇండోర్‌లో మహారాష్ట్ర మీద, డిసెంబరులో సూరత్‌లో తమిళనాడు మీద. 2021లో తమిళనాడుదీ అదే లెక్క, జనవరిలో బరోడా మీద, నవంబరు 22న ఢిల్లీలో కర్ణాటక మీద. ఏడాదికి ఒక పేరు చొప్పున రాసుకుంటూ పోతే రెండు కప్పులు మాయమై, ఒక ఏడాది ఖాళీగా మిగిలిపోతుంది. పిల్లలు ఆ ఖాళీలో ఏదో ఒక పేరు రాసేస్తారు.

అందుకే పట్టికలో మొదటి కాలమ్ సీజన్‌ది, రెండోది ఫైనల్ జరిగిన తేదీది అయి ఉండాలి. ఈ రెండింటినీ కలిపి ఒకే కాలమ్‌లో రాయకూడదు.

ఇప్పుడు పేర్లు. 2006–07లో తమిళనాడు, ఫైనల్‌లో ఓడింది పంజాబ్. 2009–10లో మహారాష్ట్ర, ఓడింది హైదరాబాద్. 2010–11లో బెంగాల్, ఓడింది మధ్యప్రదేశ్. 2011–12లో బరోడా, 2012–13లో గుజరాత్, రెండుసార్లూ ఓడింది పంజాబే. 2013–14లో మళ్లీ బరోడా, ఓడింది ఉత్తరప్రదేశ్. 2014–15లో మళ్లీ గుజరాత్, ఓడింది మళ్లీ పంజాబ్. 2015–16లో సురేశ్ రైనా కెప్టెన్సీలో ఉత్తరప్రదేశ్, ఓడింది బరోడా. 2016–17లో ఈస్ట్ జోన్. 2017–18లో ఢిల్లీ, ఓడింది రాజస్థాన్. తర్వాతి నాలుగు సీజన్లూ పైన చెప్పినవే, వరసగా కర్ణాటక, కర్ణాటక, తమిళనాడు, తమిళనాడు. 2022–23లో ముంబై, ఓడింది హిమాచల్‌ప్రదేశ్. 2023–24లో పంజాబ్, ఓడింది బరోడా. 2024–25లో మళ్లీ ముంబై, ఓడింది మధ్యప్రదేశ్. 2025–26లో ఝార్ఖండ్, ఓడింది హర్యానా.

మొత్తం 18 కప్పులు. తమిళనాడుకు 3. బరోడా, గుజరాత్, కర్ణాటక, ముంబైలకు రెండేసి. మిగతా ఏడు జట్లకు ఒక్కోటి. కూడి చూసుకోండి, 18 రాకపోతే ఎక్కడో ఒక వరస జారిపోయినట్టే.

ఈ లెక్కలో తరచూ తేడా వచ్చేది తమిళనాడు దగ్గర. కొన్ని జాబితాలు దానికి రెండే చూపిస్తాయి. కారణం ఇదీ. 2006–07లో జరిగింది అంతర్రాష్ట్ర టీ20 టోర్నీ, ముస్తాక్ అలీ పేరు దానికి అప్పటికి పెట్టలేదు. 2007–08, 2008–09లో టోర్నీ అసలు జరగలేదు. 2009–10 నుంచి ముస్తాక్ అలీ పేరుతో నడుస్తోంది. పేరును బట్టి లెక్కపెట్టేవాళ్లు 2009–10తో మొదలుపెడతారు, టోర్నీని బట్టి లెక్కపెట్టేవాళ్లు 2006–07తో. నా ఓటు రెండో దానికే. 2021లో తమిళనాడు గెలిచినప్పుడు దాన్ని మూడో టైటిల్ అనే లెక్కపెట్టారు, ఈ పట్టిక కూడా ఆ లెక్కకు సరిపోవాలి.

2016–17 వరస దగ్గర ఇంకో చిక్కు. ఆ ఏడాది కప్పు కోసం రాష్ట్ర జట్లు కాకుండా అయిదు జోన్లు తలపడ్డాయి. అందరూ అందరితో ఆడారు, ఫైనల్ లేదు. మనోజ్ తివారీ సారథ్యంలోని ఈస్ట్ జోన్ నాలుగుకు నాలుగు గెలిచి పాయింట్ల పట్టికలో పైన నిలిచింది, సెంట్రల్ జోన్ రెండో స్థానంలో ఉంది. కాబట్టి "ఫైనల్‌లో ఓడినవారు" అన్న చోట సెంట్రల్ జోన్ అని రాస్తే తప్పు, "రెండో స్థానం" అని రాయాలి. ఈస్ట్ జోన్ అంటే ఒడిశా, బెంగాల్, ఝార్ఖండ్, అస్సాం, త్రిపురల కలగలుపు. బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లు ఒడిశాకు ఈ ట్రోఫీలో ఏదైనా వాటా ఉందా అని వెతికితే దొరికేది ఆ ఒక్క వరసే.

ఇక మన చాందా (చంద్రపూర్), రాజురా, బల్లార్షా, సిరోంచ లాంటి విదర్భ ఊళ్ల తెలుగువాళ్లకు అన్నిటికంటే ఎక్కువ గందరగోళం కలిగించేది "మహారాష్ట్ర" అన్న మాట. ఈ జాబితా రాష్ట్రాలది కాదు, క్రికెట్ సంఘాలది. మహారాష్ట్ర రాష్ట్రంలో మూడు సంఘాలున్నాయి: ముంబై, మహారాష్ట్ర, విదర్భ. నాందేడ్, షోలాపూర్ పుణే కేంద్రంగా ఉన్న మహారాష్ట్ర సంఘం కిందికి వస్తాయి. చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాల్ సహా 11 జిల్లాలు నాగ్‌పూర్‌లోని విదర్భ సంఘం కిందికి వస్తాయి. అంటే ధర్మాబాద్ తెలుగువాడికి 2009–10 కప్పు సొంతది, రాజురా తెలుగువాడికి కాదు. ఆధార్ కార్డు మీద ఇద్దరిదీ మహారాష్ట్రే. జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవేనంటున్న ఊళ్లు ఉన్నాయి కదా, క్రికెట్ సంఘాల హద్దులకు ఆ గీతలతోనూ పని లేదు, అవి వేరే గీతలు.

రాష్ట్రాల వారీగా కూడితే బొమ్మ మారిపోతుంది. గుజరాత్ రాష్ట్రంలో బరోడా, గుజరాత్, సౌరాష్ట్ర మూడు సంఘాలు. మొదటి రెండూ రెండేసి గెలిచాయి కనుక ఆ రాష్ట్రానికి 4, తమిళనాడుకన్నా ఒకటి ఎక్కువ. మహారాష్ట్ర రాష్ట్రానికి ముంబైవి రెండు, మహారాష్ట్రది ఒకటి కలిపి 3. ఆంధ్ర, హైదరాబాద్ వేర్వేరు జట్లు, రెండింటికీ కప్పు లేదు. హైదరాబాద్ 2009–10లో ఫైనల్ దాకా వెళ్లింది. "ఎక్కువసార్లు గెలిచిన రాష్ట్రం" అని ప్రశ్న వేసేవాళ్లు "జట్టు" అనాలి. లేదంటే తమిళనాడు అన్నవాడూ గుజరాత్ అన్నవాడూ ఇద్దరూ వాదనకు దిగుతారు, ఇద్దరి వాదనా నిలుస్తుంది.

మన వైపు ఇంకో ఇబ్బంది భాషది. స్కోర్లు చాలామంది నాగ్‌పూర్ మరాఠీ పేపర్లలో చూస్తారు, చూసి తెలుగులో రాసుకుంటారు. మరాఠీలో శతక్ అంటే సెంచరీ, షటక్ అంటే ఓవర్. చెవికి రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. అందుకే ఓవర్ల సంఖ్య సెంచరీల సంఖ్యగా మారిపోతుంది. ధావా అంటే పరుగులు, బళీ అంటే వికెట్లు, నిర్ధావ్ షటక్ అంటే మెయిడెన్ ఓవర్, పరుగే ఇవ్వని ఓవర్. "చార్ గడీ రాఖూన్" అంటే చేతిలో నాలుగు వికెట్లు మిగిలి ఉండగా గెలిచారని. నాలుగు వికెట్లు పడ్డాయని కాదు. 2021–22 ఫైనల్‌ను తమిళనాడు 4 వికెట్ల తేడాతో గెలిచినప్పుడు స్కోరు 153/6. పదిలోంచి ఆరు తీసేస్తే నాలుగు. ఈ తీసివేత ఒక్కసారి చేసి చూసుకుంటే తప్పు అక్కడే దొరికిపోతుంది.

ఆ మ్యాచే ఇంకో కాలమ్ ఎందుకు కావాలో చెబుతుంది. 4 వికెట్ల తేడా అని చదివితే తీరిగ్గా గెలిచారనిపిస్తుంది. కర్ణాటక 151/7 కొట్టింది, తమిళనాడుకు చివరి ఓవర్లో 16 కావాలి, చివరి బంతికి 5 కావాలి. తమిళనాడు బ్యాటర్ షారుఖ్ ఖాన్ ప్రతీక్ జైన్ బంతిని సిక్సర్‌గా లేపాడు. 15 బంతుల్లో 33 నాటౌట్. ఒక్క బంతి కూడా మిగల్లేదు. అదే 2018–19లో కర్ణాటక మహారాష్ట్ర 155ను 18.3 ఓవర్లలో 8 వికెట్ల తేడాతో దాటింది, మయాంక్ అగర్వాల్ 85 నాటౌట్. ఇంకా 9 బంతులు చేతిలో ఉన్నాయి. ఛేదించి గెలిచిన ప్రతి వరసలోనూ వికెట్లతో పాటు మిగిలిన బంతులు కూడా రాయండి. తమిళనాడు 2020–21లో బరోడా 120/9ను 18 ఓవర్లలో కొట్టింది, 12 బంతులు. ముంబై 2022–23లో హిమాచల్ 143ను 19.3 ఓవర్లలో దాటింది, 3 బంతులు. 2024–25లో మధ్యప్రదేశ్ 174ను 17.5 ఓవర్లలో దాటింది, 13 బంతులు. వికెట్ల తేడా ఒక్కటే చూస్తే 4 వికెట్ల గెలుపు 3 వికెట్ల గెలుపుకన్నా తేలిక అనిపిస్తుంది. బంతులు చూస్తే సంగతి తలకిందులవుతుంది.

పరుగుల తేడా అయితే ఈ తిప్పలు లేవు, అది ఉన్నదున్నట్టు చెబుతుంది. 2019–20లో కర్ణాటక 180/5, తమిళనాడు 179/6, తేడా ఒక్క పరుగు. కృష్ణప్ప గౌతమ్ వేసిన ఆఖరి ఓవర్లో 13 కావాలి. అశ్విన్ మొదటి రెండు బంతులకూ ఫోర్లు కొట్టాడు. అంటే నాలుగు బంతుల్లో అయిదు, ఏ జట్టయినా కోరుకునే సమీకరణం. ఆ నాలుగు బంతుల్లో వచ్చినవి మూడే. అయిదో బంతికి విజయ్ శంకర్ రెండో పరుగు కోసం వెళ్లి రనౌటయ్యాడు. ఈ ట్రోఫీ ఫైనళ్లలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. ఓడిన జట్టు ఆ తర్వాత వరసగా రెండు కప్పులు గెలవడం చూశాక ఆ అభిప్రాయం ఇంకా బలపడింది.

2024–25 ఫైనల్‌లో ముంబై ఆడిన 17.5 ఓవర్ల లాంటి అంకె దగ్గర రన్‌రేట్ (ఓవర్‌కు సగటు పరుగులు) లెక్క తప్పేవాళ్లు చాలామంది. చుక్క తర్వాత ఉన్నది దశాంశం కాదు, బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కనుక 17.5 అంటే 17 ఓవర్లు, ఆరింట అయిదు వంతులు, 17.833. ముంబై 180ని దానితో భాగిస్తే 10.09. కాలిక్యులేటర్‌లో 17.5 అని కొడితే 10.29 వస్తుంది, అది తప్పు. సులువైన దారి: 107 బంతులుగా మార్చుకుని, 180ని 107తో భాగించి, ఆరుతో గుణించండి. రెండో తప్పు ఆలౌట్ దగ్గర. నెట్ రన్‌రేట్‌కు (మన రన్‌రేట్‌లోంచి ఎదుటి జట్టుది తీసేస్తే వచ్చేది) ఆలౌటైన జట్టు ఆడిన ఓవర్లు కాదు, పూర్తి 20 లెక్కలోకి వస్తాయి. 2025–26 ఫైనల్‌లో పుణేలో ఝార్ఖండ్ 262/3 కొట్టింది, ఇషాన్ కిషన్ 49 బంతుల్లో 101. హర్యానా 20 ఓవర్లు నిండకముందే 193కు ఆలౌటైంది. ఫైనల్‌కు నెట్ రన్‌రేట్‌తో పని లేదు గానీ, సాధనకు మంచి ఉదాహరణ. హర్యానాకు 193ను 20తో భాగించి 9.65 వేయాలి. ఆ సీజన్‌లో నాకౌట్ల బదులు ఎనిమిది జట్ల సూపర్ లీగ్ పెట్టి, ఒక్కో గ్రూపులో పైన నిలిచిన జట్టునే ఫైనల్‌కు పంపారు. అలాంటి పద్ధతిలో ఈ భాగహారమే ఒక జట్టును ఇంటికి పంపగలదు.

స్కోర్లను చూసి విజేతల్లో ఎవరు మేటి అని తేల్చడం మాత్రం వద్దు. 2022–23లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనను, అంటే మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి బదులు ఇంకొకరిని దింపే వీలును, ఈ టోర్నీలోనే మొదట ప్రయత్నించారు. అప్పుడు 14వ ఓవర్ ముగిసేలోపు ఆ మార్పు చేసుకోవాల్సి ఉండేది. 2023–24లో ఓవర్‌కు రెండు బౌన్సర్లు అనుమతించారు. అదే ఏడాది మొహాలీ ఫైనల్‌లో అన్మోల్‌ప్రీత్ సింగ్ 113 కొట్టగా పంజాబ్ 223/4 చేసి, 20 పరుగుల తేడాతో బరోడాను ఓడించింది. నాలుగు ఫైనళ్లు ఓడాక వచ్చిన మొదటి కప్పు అది. 153 కాపాడుకుని 41 పరుగులతో గెలిచిన 2017–18 ఢిల్లీని ఆ పంజాబ్ పక్కన పెట్టి తూచడం న్యాయం కాదు.

ట్రోఫీ పేరు వెనకున్న మనిషికీ మన నేలకూ చుట్టరికం ఉంది. ఇండోర్‌లో 1914లో పుట్టిన ముస్తాక్ అలీ 1936లో మాంచెస్టర్‌లో 112 కొట్టి, విదేశాల్లో టెస్టు సెంచరీ చేసిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ జట్టు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్. హోల్కర్ జట్టులో ఆయనతో కలిసి ఆడిన సి.కె. నాయుడు నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగువాడు, భారత తొలి టెస్టు కెప్టెన్. విదర్భ తెలుగువాళ్లు పట్టిక పైన శీర్షిక రాసేటప్పుడు ఈ మూడు పేర్లూ తలచుకోవచ్చు.

విదర్భ పేరు మాత్రం విజేతల వరసలో లేదు, ఓడిన ఫైనలిస్టుల వరసలోనూ లేదు. రంజీలో మూడుసార్లు, 2017–18, 2018–19, 2024–25లో గెలిచిన జట్టు ఇది. అందుకే నేను పట్టిక కింద విదర్భకు విడిగా మూడు వరసలు ఉంచుతాను. 2022–23 సెమీఫైనల్‌లో ముంబై చేతిలో 5 వికెట్లతో ఓటమి. 2024–25 క్వార్టర్‌ఫైనల్‌లో 221/6 కొట్టినా, రహానే 84తో ముంబై 19.2 ఓవర్లలో దాటేసింది. రెండుసార్లూ ఓడించిన జట్టే కప్పు తీసుకెళ్లింది. మూడోది 2021–22. ప్లేట్ గ్రూపు (కింది స్థాయి జట్ల గ్రూపు) నుంచి పైకి వచ్చి, దారిలో మహారాష్ట్రను ఓడించి, సెమీస్‌లో కర్ణాటకతో 4 పరుగుల తేడాతో ఆగింది, 176/7కు 172/6. ఆ మ్యాచ్‌లో దర్శన్ నల్కండే ఆఖరి ఓవర్లో నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడు.

అదే సీజన్‌లో మణిపూర్ మీద, రెండు చేతులతోనూ స్పిన్ వేసే యవత్మాల్ జిల్లా కుర్రాడు అక్షయ్ కర్నేవార్ లెక్క 4-4-0-2. దీన్ని రాసేటప్పుడు వరస మారకూడదు: ఓవర్లు, మెయిడెన్లు, పరుగులు, వికెట్లు. సున్నా మూడో చోట ఉండాలి.