గేమ్ మోడ్

ఆదివారం, రాత్రి 11 గంటలు

పొద్దున 8 గంటలకే అన్నయ్య, వదిన గుడివాడలో పెళ్లికని వెళ్తూ చింటూగాణ్ణి మా ఇంట్లో దింపి పోయారు. వాడు బట్టల సంచీ మర్చిపోయాడు గానీ నింటెండో స్విచ్ మాత్రం డాక్‌తో సహా తెచ్చుకున్నాడు. (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ అది. డాక్ అనే స్టాండులో పెడితే టీవీలో ఆడొచ్చు.) నేను చట్నీకి తాలింపు పెట్టేలోపే దాన్ని హాల్లో టీవీకి తగిలించేశాడు.

“అత్తా, చిన్నప్పుడు నువ్వు మారియో తెగ ఆడేదానివంట కదా. నాన్న చెప్పాడు.”

నిజమే. పసుపురంగు గేమ్ క్యాసెట్టు ఊది ఊది పెట్టి, వేసవి సెలవులన్నీ టీవీ ముందే గడిపిన బ్యాచ్ మాది. (ఊదడం వల్ల ఒరిగిందేమీ లేదట. తీసి మళ్లీ పెట్టడంతో పిన్నులు సరిగ్గా కూర్చునేవంతే. ఊపిరి దండగ.) 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ నాకు మా వీధికన్నా బాగా గుర్తు. మెరిసే ప్రశ్నార్థకం పెట్టె, ఎదురుగా నడిచొచ్చే గూంబా, అంటే నెత్తి మీద దూకితే పోయే చిన్న శత్రువు. పెట్టెలోంచి వచ్చిన పుట్టగొడుగు ముందుకు వెళ్లి, గొట్టానికి తగిలి, మళ్లీ మన మీదికే వస్తుంది. తప్పించుకోవడం కష్టం, తింటే గానీ అది మంచిదని తెలియదు. ఒక్క ముక్క రాయకుండా ఆట నేర్పే ఏర్పాటది.

సరే, కంట్రోలర్ తీసుకున్నాను. మొదటి గూంబాకే పోయాను. రెండోసారి గూంబాని దాటి గుంటలో పడ్డాను. మూడోసారి అదే గుంట. మర్యాద కోసం చింటూ పైకి నవ్వలేదు, దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈ ఆటలకి నా దగ్గర ఒకటే కొలత. బటన్ నొక్కినప్పటి నుంచి ఆటలో ఎగిరినవాడి కాళ్లు నేలకి ఆనేదాకా ఏం జరుగుతుందో అదే ఆట, బొమ్మలూ పాటలూ ఆ తర్వాతే. మారియో బటన్ తట్టి వదిలితే కొంచెం ఎగురుతాడు, నొక్కి పట్టుకుంటే బాగా ఎగురుతాడు, గాల్లో ఉన్నా కాస్త వెనక్కి లాగొచ్చు. కాలేజీ ల్యాబ్‌లో సార్ లేనప్పుడు ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989) దీనికి పూర్తిగా ఎదురు. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడి చేత పరుగులు పెట్టించి, గెంతించి, ఆ వీడియో చూసి ఒక్కో బొమ్మా గీశాడు. అందుకే రాకుమారుడు మనిషిలా కదులుతాడు. మనిషిలాగే, దూకాక మనసు మార్చుకోలేడు. అడుగులు లెక్కపెట్టుకుని దూకాలి. రెండంతస్తులు పడితే ఒంట్లో ఒక పాయింటు తగ్గుతుంది, మూడంతస్తులు పడితే మనిషే పోతాడు. నాకు రెండూ ఇష్టమే. నచ్చనిది అడ్వెంచర్ ఐలాండ్. గెంతు బానే ఉంటుంది గానీ, పరిగెడుతూ పళ్లు తింటూ ఉండకపోతే వాడు చచ్చిపోతాడు. ఆదివారం కూడా టిఫిన్‌కి టైమ్ లేని ఉద్యోగంలా ఉంటుంది.

పొద్దున మాత్రం నా కొలత పనిచేయలేదు. మారియో మొద్దుబారిపోయాడు. చింటూ షవెల్ నైట్ పెట్టాడు, పారే ఆయుధంగా తిరిగే యోధుడి ఆట. వచ్చింది 2014లో, చూడ్డానికి మా క్యాసెట్టు కాలందిలా ఉంటుంది. పార కిందికి పట్టి శత్రువుల నెత్తి మీద ఎగురుకుంటూ పోవాలి. నేను ప్రతిసారీ పక్కకే పడ్డాను. “ఇదేం ఆటరా, వీడికి బరువెక్కువ” అని తీర్పు కూడా ఇచ్చేశాను. విచిత్రంగా సెలెస్ట్ (2018) ఒక్కటే కాస్త మాట విన్నది. మూడింటిలో కష్టమైనది అదే మరి. కొండెక్కే అమ్మాయి, గాల్లో ఒకసారి రివ్వున దూసుకెళ్లగలదు. ఆ ఒక్కసారీ వాడేస్తే ఎర్ర జుట్టు నీలంగా మారుతుంది. వేరే మీటర్లు చూడక్కర్లేదు, జుట్టు చూస్తే చాలు. అయినా అందులోనూ ఓ అరవై సార్లు చచ్చి, నలభై దాటాక వేళ్లు ఇంతేలే అనుకుని పప్పు పెట్టడానికి లేచాను. కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం మూడింటికి గాలివాన, కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయంతే. చింటూ స్విచ్‌ని డాక్‌లోంచి పీకి చేతిలో పట్టుకుని ఆడుతుంటే, ఊరికే కూర్చోలేక “ఒకసారి ఇవ్వరా” అన్నాను. గూంబా నెత్తి మీద సరిగ్గా దిగాను. గుంట దాటాను. మెట్లు, మళ్లీ మెట్లు, జెండా కర్ర. ఒక్క ప్రాణం పోలేదు. వాడు నన్నూ తెరనీ మార్చి మార్చి చూశాడు.

వేళ్లకేం కాలేదు. తప్పు టీవీది.

కరెంటొచ్చాక సెట్టింగులన్నీ వెతికాం. కొత్త టీవీలు బొమ్మని వచ్చింది వచ్చినట్టు చూపించవు. రంగులు దిద్ది, కదలికలు నున్నగా చేసి అప్పుడు చూపిస్తాయి. సినిమాకైతే తేడా తెలియదు. ఆటలో మాత్రం మనం నొక్కింది తెర మీద కనపడేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. పాత డబ్బా టీవీల్లో ఈ గొడవ దాదాపు లేదు. మారియో ఆ టీవీల కోసం చేసిన ఆట, అంచు దాటాక నొక్కితే వినడు. సెలెస్ట్ ఎందుకు విన్నదో కూడా అప్పుడే వెలిగింది. అందులో కాలు అంచు దాటిపోయాక కూడా సెకనులో పదోవంతు దాకా గెంతనిస్తారు. కార్టూన్లలో కొండ దాటి గాల్లో పరిగెత్తి, కిందికి చూసుకున్నాకే పడే జంతువు ఉంటుంది కదా, దాని పేరుతోనే దీన్ని కయోటీ టైమ్ అంటారు. ఆడేవాళ్ల మీద చేసినవాళ్లకున్న దయ, బయటికి కనపడకుండా దాచారు. మా టీవీ మింగిన సమయాన్ని అదే కొంత పూడ్చింది.

ఈ దిద్దుబాట్లు తగ్గించే గేమ్ మోడ్ అనే సెట్టింగు ఆన్ చేసి షవెల్ నైట్‌కి మనసులోనే సారీ చెప్పుకున్నాను. బరువూ లేదు, ఏమీ లేదు, బంతిలా ఎగురుతాడు. పాత ఆటల్లో బొమ్మలెక్కువైతే మినుకుమినుకుమనేవి, ఇందులో ఆ బాధ లేదు. మన జ్ఞాపకంలో ఆ ఆటలెంత బాగున్నాయో అంత బాగా చేశారు. దారిలో చెక్‌పాయింట్లుగా గాజు గోళాలుంటాయి. పగలగొడితే సొమ్ము రాలుతుంది, కానీ చస్తే అక్కణ్ణుంచి మొదలుపెట్టలేం. చింటూ ఒక్కటీ వదలకుండా పగలగొట్టాడు. నేను ఒక్కటీ ముట్టుకోలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ల తరం మాది.

రాత్రి తొమ్మిదింటికి అన్నయ్యావాళ్లు వచ్చారు. ఆయన గురించి ఒక పాత లెక్క ఉంది. చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఆడిన తుపాకుల ఆట కాంట్రాలో జలపాతం లెవెల్ పైకి ఎక్కుతూ పోవాలి. ఇద్దరిలో ఒకరు గబగబా ఎక్కేస్తే తెర కూడా పైకి జరిగి, కింద మిగిలినవాళ్లు చచ్చిపోతారు. ముప్పై ప్రాణాల కోడ్ కొట్టి మొదలుపెట్టినా, నా ముప్పైలో సగం తీసింది శత్రువులు కాదు, అన్నయ్య. పైగా “నువ్వే స్లో” అనేవాడు.

“ఇలా ఇవ్వరా, ఆటంటే ఏంటో మీ అత్తకి చూపిస్తా” అని, పెళ్లి లడ్డూల కవరు నా చేతిలో పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆయన వచ్చేలోపు నేను టీవీ రిమోట్ తీసుకుని గేమ్ మోడ్ ఆపేశాను. చింటూ చూశాడు. ఏమీ అనలేదు.

మొదటి గూంబాకే పోయాడు. రెండోసారి గుంటలో పడ్డాడు. “కళ్లజోడు మార్చాలనుకుంటా” అన్నాడు. చింటూ దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“వయసు అన్నయ్యా” అన్నాను, లడ్డూ తింటూ.