చివరి రోజుల్లో మత్తు మందు: ఎప్పుడు, ఎంత, ఎలా

"మత్తిచ్చి పంపించేస్తున్నారా?" మిడజోలామ్ అనే మత్తు మందు మొదలుపెడదామనగానే ఇంటివాళ్లు ముందు అడిగేది ఇదే. అడగాల్సిన ప్రశ్నే, తొందరపెట్టకుండా జవాబు చెప్పాలి. మిగతా మందులకి లొంగని ఆయాసం, అలజడి, నొప్పి ఉంటేనే ఇస్తాం. ఎంత మందుకి బాధ తగ్గితే అక్కడే ఆగుతాం. పిలిస్తే కళ్లు తెరిచే స్థాయిలోనే కుదుటపడిన మనిషికి ఇంకా పెంచకూడదు.

మందు సిరంజిలోకి తీసే ముందు పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడండి. దుప్పటి లాగేస్తూ, లేచి వెళ్లిపోతానంటూ పెనుగులాడే మనిషికి చాలాసార్లు మూత్రం బిగిసి ఉంటుంది. కాథెటర్ (మూత్రం గొట్టం) వేస్తే కాసేపట్లో సర్దుకుంటారు. మార్ఫిన్ వాడుతుంటే మలబద్ధకం కూడా చూడాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మార్ఫిన్ అవశేషాలు పేరుకుని చేతులు, కాళ్లు ఉలిక్కిపడతాయి, మాట తడబడుతుంది. దాన్ని నొప్పి అనుకుని మార్ఫిన్ పెంచితే ఇంకా ముదురుతుంది. మార్ఫిన్ నొప్పికీ ఆయాసానికీ మందు, నిద్రపుచ్చడానికి వాడేది కాదు. సంధి మాటలైతే ముందు ఆ గందరగోళాన్ని తగ్గించే హాలోపెరిడాల్ ఇవ్వాలి. మిడజోలామ్ ఒక్కటే ఇస్తే ఆ గందరగోళం పెరగవచ్చు.

మాట్లాడాల్సినవాళ్లు ముందే మాట్లాడాలి. అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మందు ఎక్కకముందే అయిపోవాలి.

మామూలుగా మిడజోలామ్ చర్మం కింద 2.5 మి.గ్రా. ఇచ్చి, సిరంజి పంపులో (మందుని నెమ్మదిగా, ఆగకుండా ఎక్కించే యంత్రం) గంటకి 0.5 నుంచి 1 మి.గ్రా. పెడతాం. మొదటి కొన్ని గంటలు ప్రతి అరగంటకీ నుదుటి ముడతలు, ఊపిరి, పిలుపుకి స్పందన చూసి రాసుకోవాలి. పెద్ద పొరపాట్లు జరిగేది లెక్క దగ్గర. గంటకి 1 మి.గ్రా. అంటే రోజుకి 24 మి.గ్రా. మిల్లీలీటరుకి 1 మి.గ్రా. ఉన్న వయల్ (మందు సీసా) అయితే 24 మి.లీ. తియ్యాలి. 5 మి.గ్రా. ఉన్నదైతే 5 మి.లీ. కూడా పట్టదు. రెండిటి మీదా పేరు ఒకటే. ఒకదాని లెక్కతో ఇంకోటి తీస్తే ఐదు రెట్లు తేడా. అందుకే సిరంజికి అంటించే చీటీ మీద మి.లీ. ఒక్కటే రాస్తే చాలదు, మి.గ్రా. కూడా రాయాలి, ఇంకొకరి చేత చదివించాలి.

బటర్‌ఫ్లై సూదిని (రెక్కలున్న చిన్న సూది) ఛాతీ పైభాగంలోనో పొట్ట మీదో పెట్టొచ్చు. వాచిన చేతికీ కాలికీ వద్దు, అక్కడ మందు సరిగా ఎక్కదు. పీకేసుకునేవాళ్లకి వీపు మీద, భుజం ఎముక దగ్గర పెడితే చెయ్యి అందదు. చోటు ఎర్రబడినా గట్టిపడినా మార్చాలి. మార్ఫిన్, హాలోపెరిడాల్ అదే సిరంజిలో కలపొచ్చు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రం కలపొద్దు, తెల్లగా విరుగుతుంది. డయాజెపామ్ అనే ఇంకో మత్తు మందు చర్మం కిందికి పనికిరాదు, మండి పుండవుతుంది. మనిషి నిద్రలో ఉన్నారని నొప్పి మందు ఆపకూడదు.

ఎగశ్వాస మొదలైనా, ఊపిరి మధ్యలో ఆగి ఆగి వస్తున్నా అది జబ్బు ముదరడం వల్లేనేమో చూడాలి. దీన్ని ఇంటివాళ్లకి ముందే చెప్పి ఉంచకపోతే ఆఖరి సూదే చంపిందన్న బాధ ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

తులసి తీర్థం పోస్తామంటే వద్దనకండి. కానీ చెంచాతో పోస్తే గొంతులో దిగక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దూదిని తీర్థంలో ముంచి, బాగా పిండి, పెదాలకీ నాలుక కొసకీ అద్దించండి.