ముందు ఆమె సీన్లు తీసేయండి

“అన్నా, ముందు ఆమె సీన్లన్నీ తీసేయండి. మిగతావాళ్ళవి ఎప్పుడన్నా తీసుకోవచ్చు. రేపు ఏమన్నా అయితే మనం యాడికి పోవల్ల?”

ఈ మాట నాతో అన్నది కాదు, నా గురించి అన్నది. ముదిగుబ్బ దాటి కదిరి వైపు పోతే రోడ్డుకు లోపలగా ఒక పల్లె ఉంది. అక్కడి బడి వరండాలో సినిమా షూటింగుకని నాకు మేకప్ వేస్తున్నారు. గోడకు అవతల ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. ముఖం ఎండకు కమిలినట్టు కనబడాలని రంగు పూస్తున్న పాప చెయ్యి ఆగిపోయింది. “కానీమ్మా, పొద్దెక్కుతాంది” అన్నాను. క్యాన్సర్ నాలుగో స్టేజీ అని డాక్టరు చెప్పినప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. పాప మళ్ళీ మొదటినుంచి పూసింది.

నాకు నలభై ఆరేళ్ళు. మాది అనంతపురం పాతూరు. ఇరవై రెండేళ్ళుగా పద్యనాటకాలే బతుకు. మా వైపు పల్లెల్లో జాతర వస్తోందంటే ఊరి మగవాళ్ళే నెలల తరబడి హార్మోనియం మాస్టరు దగ్గర పద్యాలు నేర్చుకుని రాజు వేషాలు కడతారు. ఆడవేషాలకు మాత్రం గుంతకల్లు నుంచో కర్నూలు నుంచో అనంతపురం నుంచో మాలాంటివాళ్ళను మాట్లాడుకుంటారు. రాత్రి పదికి మొదలైతే కోడి కూసేదాకా. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిగా లోహితుణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఎన్నిసార్లు ఏడ్చానో లెక్క లేదు. హార్మోనియం మా ఆయనదే. సినిమాల్లో అంతకుముందు మూడు వేషాలు వేశాను. మూడింట్లోనూ శవం దగ్గర ఏడ్చే గుంపులో ఒకదాన్ని.

2018లో కుడి రొమ్ములో గడ్డ. బెంగళూరులో ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) పెట్టడం. ఇవి అందరూ రాసేవే. ఒక్కటి మాత్రం చెప్పాలి. జుట్టంతా ఊడిపోయాక ఉరవకొండ దగ్గర ఒక ఊళ్ళో విగ్గు పెట్టుకుని చంద్రమతి కట్టాను. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టిన నాటక నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది మా తాడిపత్రిలోనే, 1880లో. అంతకుముందు మీసం గొరిగి విగ్గు పెట్టుకున్న మగవాళ్ళే చంద్రమతులు. అంత పెద్దమనిషి కష్టపడి మార్చినదాన్ని నేనొక్కదాన్నే వెనక్కి తిప్పుతున్నానే అని అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను. శ్మశానం సీనులో జుట్టు విరబోసుకోకుండా ముడితోనే కానిచ్చాను. వన్స్‌మోర్ కూడా కొట్టారు.

క్యాన్సర్ తిరగబెట్టకుండా ఐదేళ్ళు వేసుకోమన్న టామాక్సిఫెన్ మాత్రలు రెండేళ్ళే వేసుకున్నాను. 2020లో కరోనాకు నాటకాలు ఆగిపోయాయి, బెంగళూరు బస్సులు ఆగిపోయాయి, చేతిలో డబ్బు లేదు. ఇన్నాళ్ళూ అందరికీ ఇదే కారణం చెప్పాను. అది పెద్ద ఖరీదు మాత్ర కాదు, అనంతపురంలోనే దొరికేది. నొప్పి లేదు కదా అని మానేశాను, అంతే. అందువల్లే తిరగబెట్టిందా అంటే డాక్టరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మీ ఇంట్లో ఎవరైనా అలా మానేసి ఉంటే ఇది తర్వాత చదవచ్చు, ముందు వాళ్ళకు ఫోన్ చేయండి.

2023 ఆగస్టులో నడుంనొప్పి. “రాత్రంతా స్టేజీ మీద గెంతితే నడుం పట్టదా తల్లీ” అని మా ఊరి డాక్టరొకాయన రెండు నెలలు సూదులేశాడు. పాత ఆపరేషన్ సంగతి చీటీ మీద తన చేత్తోనే రాసుకున్నాడు, ఒక్క ఎక్స్‌రే రాయలేదు. ఆయన పేరు రాయను. ఆ రెండు నెలలు తిరిగిమ్మని అడగాలని మాత్రం ఆ వీధిలో పోయినప్పుడల్లా అనిపిస్తుంది. బెంగళూరులో స్కాన్ తీస్తే వెన్నెముకలో రెండు చోట్ల, తుంటిలో ఒక చోట క్యాన్సర్ మచ్చలు.

అక్కడి డాక్టరమ్మ కన్నడం కలిసిన తెలుగులో చెప్పింది. “ఇది పూర్తిగా పోయేది కాదమ్మా. షుగరు మాదిరి మందులేసుకుంటూ అణిచిపెట్టాలి. ఎన్నేళ్ళని నన్ను అడగొద్దు, నాకు తెలీదు.” తెలీదని ఒప్పుకున్న డాక్టరును నేను అప్పుడే చూశాను. లెట్రోజోల్ రోజూ ఒకటి, పాల్బోసిక్లిబ్ ఇరవై ఒక్క రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపడం, ఎముకలకు డ్రిప్పు. ఆ పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023 జనవరిలోనే అయిపోయిందట. మన కంపెనీలు తయారుచేయడం మొదలుపెట్టి ధర బాగా దిగింది. ఏడాది ముందే తిరగబెట్టి ఉంటే పాతూరు ఇల్లు పోయేది. రోగానికి కూడా ముహూర్తం ఉంటుందేమో.

సరిగ్గా పదిహేను రోజులకు ఈ సినిమా డైరెక్టరు పిల్లోడు మా ఇంటికొచ్చాడు. చిన్నప్పుడు కళ్యాణదుర్గం దగ్గర నా చంద్రమతిని చూసి ఏడ్చాడట. శెనక్కాయ చేనులో బోరు మీద బోరు వేయించి అప్పులపాలైన ఒక ఆడమనిషి కథ రాసుకున్నాడు. హీరో లేడు, ఆమే అన్నీ. తెర మీద మొదటి పేరు నాదే పడుతుందన్నాడు. “ఆరోగ్యం బాగుంది కదక్కా? ఎండలో తిరగాల” అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. “నాకేమప్పా, గుండ్రాయి మాదిరి ఉన్నా” అన్నాను.

అబద్ధమే. తప్పని ఒకరోజు అనిపిస్తుంది, ఇంకోరోజు అనిపించదు.

2024 మార్చిలో షూటింగు. సంగతి బయటపెట్టింది మా మరదలు. చూడ్డానికని వచ్చి, “మా వదిన చేత బరువులు ఎత్తించొద్దు సార్, ఎముకల్లో క్యాన్సర్ ఉంది” అని మేనేజరుకు చెప్పింది. నా మేలు కోరే చెప్పింది. ఆమెతో నేను నాలుగు నెలలు మాట్లాడలేదు. అప్పటికే ఆరు రోజుల షూటింగు అయిపోయింది కాబట్టి నన్ను మార్చలేదు గానీ, ఆ రోజునుంచి నేను మనిషిగా లేను. టీ తెచ్చే పిల్లోడు గ్లాసు రెండు చేతులతో ఇచ్చేవాడు. నాతో జోకులేసే లైట్‌బాయ్‌లు నన్ను చూస్తే గొంతు తగ్గించేవాళ్ళు. నీళ్ళ బిందె సీనుకు ఖాళీ బిందె ఇచ్చారు. నిండు బిందెలాగే నడిచాను. నడుము వంపు చూసి కెమెరామెన్ బిందెలోకి తొంగి చూశాడు.

మేనేజరు మాట ప్రకారమే నా సీన్లన్నీ వరసపెట్టి తీశారు. మధ్యలో ఒక్కరోజు సెలవు లేదు. తొమ్మిదో రోజు రాత్రి చలి మొదలైంది. మా ఆయన రాయదుర్గం వైపు నాటకానికి పోయాడు. హార్మోనియం ముందు కూర్చుంటే తెల్లారేదాకా ఫోను పెట్టెలోనే. థర్మామీటరు 102 చూపించింది. ఈ పాల్బోసిక్లిబ్ తెల్లకణాలను తగ్గిస్తుంది, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి రావాలి, పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు అని డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది. నేను పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. పొద్దున బోరు సీను ఉంది మరి.

ఒంటిగంటకు మెలకువ వచ్చేసరికి లేచి కూర్చునే శక్తి లేదు. పిలుద్దామంటే గొంతు రావడం లేదు, పద్యం పాడితే మైకు లేకుండా ఊరవతలకి వినిపించే గొంతు. పక్క చేనులో ఎవరో రైతు నిజంగానే బోరు వేయిస్తున్నాడు. ఆ బండి దడదడ నేలలోంచి మంచంలోకి, మంచంలోంచి నా వెన్నులోకి ఎక్కుతోంది. మచ్చలున్న చోటనే తొలుస్తున్నట్టు ఉంది. నాకు పిచ్చి ఆలోచన వచ్చింది. ఆ బోరులో నీళ్ళు పడితే నేను బతుకుతాను, పడకపోతే లేదు. కళ్ళు మూసుకుని ఆ శబ్దమే వింటూ ఉన్నాను. నీళ్ళు పడితే శబ్దం మారుతుంది, మనుషులు కేకలేస్తారు. ఎంతసేపైనా ఎవరూ కేక వేయలేదు. శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని తలచుకుంటే ఇప్పటికీ కాళ్ళు చల్లబడతాయి. (తర్వాత కనుక్కున్నాను. ఆరువందల అడుగులు పోయినా దుమ్మే వచ్చిందట.)

బయటికి లేచిన మేకప్ పాప నా మూలుగు విని మేనేజరుకు ఫోన్ చేసింది. లుంగీ మీదే జీపు తెచ్చాడు. ముదిగుబ్బ దాటాక, “అక్కా, నిద్రపోవద్దు, ఏమన్నా మాట్లాడు” అన్నాడు.

“నా సీన్లు ఇంక ఎన్ని మిగిలినాయప్పా?”

“నాలుగు” అన్నాడు ఠక్కున. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. బత్తలపల్లిలో బండి ఆపి, తన తువ్వాలు తడిపి నా నుదుటి మీద వేశాడు. అనంతపురంలో ఆసుపత్రివాళ్ళు అడ్వాన్సు కట్టమంటే తన జేబులోంచే కట్టాడు. నాకోసం తెచ్చాడా, ఆ నాలుగు సీన్ల కోసం తెచ్చాడా అనేది ఇంతవరకు తేల్చుకోలేకపోయాను. తెచ్చాడు. కట్టిన అడ్వాన్సు తర్వాత నా రెమ్యూనరేషన్లో పట్టుకున్నాడు, అది వేరే సంగతి.

ఐదు రోజులు యాంటీబయోటిక్స్. ఈ మందుకు ఇట్లాంటి జ్వరం నూటికి ఒకరిద్దరికే వస్తుందట, ఆ ఒకరిద్దరిలో నేను. డోసు 125 మిల్లీగ్రాముల నుంచి 100కు దించారు. మా ఆయన పొద్దున ఎనిమిదికి హార్మోనియం పెట్టె భుజాన పెట్టుకునే వచ్చాడు. ఒక్క మాటా అడగలేదు. పెట్టె మంచం కిందికి తోసి, నర్సు చేత తిట్లు తిని, నా పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

ఆ నెలాఖరులోనే కదిరి నరసింహస్వామి తేరు. తేరు మీద దవనం, మిరియాలు చల్లుతారు. కిందపడిన మిరియాలు ఏరుకుని తింటే రోగాలు పోతాయని మా వైపు నమ్మకం. మా అమ్మ డెబ్బై ఏళ్ళ వయసులో ఆ జనంలో దూరి కొంగున కట్టుకొచ్చింది. వందల కాళ్ళ కింద నలిగిన మిరియాలు. నాకేమో పచ్చివేవీ తినొద్దని డాక్టరమ్మ ఆజ్ఞ. చారులో వేసి బాగా మరిగించి తాగాను. స్వామికీ కోపం వచ్చి ఉండదు, డాక్టరమ్మకూ రాదు. మొన్న స్కాన్లో తుంటి దగ్గరి మచ్చ చిన్నదైంది, వెన్నులోవి కదల్లేదు. మాత్ర అంటుంది డాక్టరమ్మ, మిరియం అంటుంది అమ్మ. నేను ఇద్దరికీ తలూపుతాను.

మిగిలిన నాలుగు సీన్లు మూడు వారాల తర్వాత తీశారు. డబ్బింగ్ అయిపోయింది. రిలీజు ఎప్పుడో ఇంకా చెప్పలేదు. ఆసుపత్రి డబ్బు పోను నాకు నలభై వేలు రావాలి. పోయిన వారం మేనేజరుకు ఫోన్ చేశాను.

“రిలీజు కానీ అక్కా, మొత్తం ఒకేసారి ఇచ్చేస్తా.”

“అంతవరకు నువ్వు ఉంటావా నాయనా? రేపు నీకు ఏమన్నా అయితే నేను యాడికి పోవల్ల?”

అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, “అక్కా… ఆరోజు విన్నావా?” అన్నాడు.

మరుసటి రోజు ఫోన్‌పేలో ఇరవై వేలు పడ్డాయి. ఇంకా ఇరవై రావాలి.